గడులు తీసేసే ఉద్యోగం

మా చెల్లెలి కోడలికి ఈ మధ్య బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఏం పని అని అడిగాను. "ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో కస్టమ్ ఫీల్డ్స్ చూసుకోవాలి పెద్దత్తా. మీకు ఎట్లా చెప్పేది..." అని కాసేపు నసిగి, "సుమ్మా, ఊరికే ఒక కంప్యూటర్ పని" అని తేల్చేసింది. నేను నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసు కింద పెట్టాను. తమిళనాడు ధర్మపురిలో నేను చేసి రిటైరైన పని అదే. ఆ పిల్ల పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లోనే నేను ఆ ఫీల్డులతో కుస్తీ పట్టాను.

ఆమెకు తెలుగు చదవడం రాదు. మా వైపు పిల్లలకు ఇంట్లో మాట తెలుగు, బయట అంతా తమిళం, రాతంటే తమిళమో ఇంగ్లీషో. నేను చిన్నప్పుడు హోసూరులో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను కాబట్టి నాకు ఈ లిపి అబ్బింది. ఈ పనిలోకి వచ్చే పిల్లల్లో చదవగలిగినవాళ్లు చదవండి. మా కోడలికి నేనే కూర్చోబెట్టి వినిపిస్తాను, తప్పించుకోలేదు. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్ల సంగతి రాయను. వచ్చిన రోజు అవి బాగానే ఉంటాయి, తర్వాత చెప్పుకుంటే వినేవాళ్లకు ఆవలింతలు వస్తాయి.

పని ఏమిటంటే

మాది నీళ్ల పనుల కాంట్రాక్టు కంపెనీ. ఊళ్లలో బోరు దింపి, ట్యాంకు కట్టి, పైపులు వేసి, మోటారు గది కట్టి అప్పగించేవాళ్లం. నేను అందులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఆడదాన్నైనా ఉద్యోగం పేరు అదే. పెద్ద బల్ల మీద ట్యాంకుల బొమ్మలు గీసేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక కంప్యూటర్లు వచ్చి ఆ బల్లను స్టోర్ రూములోకి నెట్టేశాయి. నన్ను కూడా నెట్టేస్తాయని భయపడ్డాను.

మా ఓనరు రంగసామి గారు. ఆఫీసులో అందరూ ముదలాళి అనేవాళ్లం. ఆయనదీ మాలాగే తరాలుగా ఇక్కడ పాతుకుపోయిన తెలుగు రైతు కుటుంబం, పాపిరెడ్డిపట్టి వైపు. కొత్త వస్తువంటే ఆయనకు తగని మోజు. బెంగళూరులో ఎవరి ఆఫీసులోనో చూసి, ప్రాజెక్టులు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనుక్కొచ్చారు. "నీకు గీతలు గీసేది వస్తుంది కదమ్మా రుక్మిణీ, ఇదీ గీతలే. నువ్వే చూసుకో" అన్నారు. అలా నేను అడ్మిన్ అయ్యాను.

సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఊరి పనికి ఒక్కో పేజీ ఉండేది. పేజీలో గడులు: ఊరి పేరు, మొదలైన తేదీ, ముగియాల్సిన తేదీ, ఎవరి బాధ్యత. ఇవి అది అమ్మినవాళ్లు ఇచ్చినవి. ఇవి చాలకపోతే మనకు కావలసిన గడిని మనమే తయారు చేసుకోవచ్చు. దాన్నే కస్టమ్ ఫీల్డ్ అంటారు. పేరు కొట్టి రెండుసార్లు నొక్కితే గడి సిద్ధం. ఈ సులువే కొంప ముంచుతుంది. గడి పెట్టడానికి ఒక వేలు చాలు, తీయడానికి నలుగురు పెద్దమనుషులు కూర్చోవాలి.

వినాయకుడి నుంచి మొదలు

మా మొదటి కస్టమ్ ఫీల్డ్ వినాయకుడిది. నిజం చెబుతున్నాను. మా వైపు ఏ కాగితం రాసినా తలకట్టున తమిళ 'ఉ' అక్షరం వేసి కింద చిన్న గీత గీస్తారు. పిళ్లయార్ సుళి అంటారు. పెళ్లి సామాన్ల చీటీ మీదా ఉంటుంది, పరీక్ష పేపరు మీదా ఉంటుంది.

"ఇంత దుడ్డు పెట్టి కొన్నాము, పిళ్లయార్ సుళి లేకుండా ఎట్లా మొదలుపెట్టేది? పైన ఒక కట్టం పెట్టు" అన్నారు ముదలాళి. కట్టం అంటే గడి. పెట్టాను. "ఎవరూ మరిచిపోకుండా చెయ్యి" అన్నారు. తప్పనిసరి చేశాను, అంటే అది నింపకపోతే పేజీ సేవ్ కాదు. అప్పట్లో మా ఆఫీసులో తమిళ అక్షరం టైపు చేయడం ఎవరికీ రాదు. చూడడానికి దగ్గరగా ఉంటుందని అందరూ 2 అంకె కొట్టేవాళ్లు. బెంగళూరు నుంచి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు, ప్రతి పేజీలో ఈ రెండు ఏమిటి, ఊరికి రెండు ట్యాంకులా అని అడిగాడు. కాదు, వినాయకుడు అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా భోజనానికి వెళ్లిపోయాడు.

ముదలాళికి ఒక గడి ఉందని తెలిశాక మిగతావాళ్లు ఊరుకుంటారా? అకౌంట్స్ పెద్ద ఇళంగో సార్ వచ్చారు. ఆయన తమిళాయన, లెక్కల్లో దిట్ట, మనసు వెన్న, కోపం మాత్రం ముక్కు మీదే. తన సెక్షన్‌కు గుప్పెడు గడులు కావాలన్నారు. అది చూసి స్టోర్స్ వాళ్లు వచ్చారు. మా ఊళ్ల జాతరలో మొదటి మర్యాద ఎవరికి, రెండోది ఎవరికి అని ఒక వరుస ఉంటుంది. నిమ్మకాయ ముందు ఎవరి చేతిలో పెట్టారన్న దగ్గర అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నాకు తెలుసు. మా ఆఫీసులో గడి అలాంటి మర్యాద అయిపోయింది. ఎవరికి ఎన్ని గడులుంటే వాళ్లు అంత పెద్ద. నాకూ అడిగినవాళ్లకు లేదనడం చేతకాదు. చివరికి 'గ్రామం' అని ఒక గడి, 'ఊరు' అని ఇంకొకటి, 'పని జరిగే చోటు' అని మరొకటి. పిక్కిలి అనే ఊళ్లో పనైతే మూడింటిలోనూ జనం పిక్కిలి అనే కొట్టేవాళ్లు. కొన్నేళ్లకు గడులు నూరు దాటాయి. ఆఫీసు కంప్యూటర్‌లోనే పేజీ తెరుచుకునే లోపల టీ తాగి గ్లాసు కడిగి రావచ్చు.

ఎర్రబడిన పేజీ

నాగవేణిది బొమ్మిడి దగ్గర పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్లు, ఇంట్లో తెలుగే. సేలంలో సివిల్ డిప్లొమా చేసి మా దగ్గర సైట్ ఇంజనీరుగా చేరింది. మా కంపెనీలో సైట్ మీద నిలబడిన మొదటి ఆడపిల్ల ఆమే. వాళ్ల ఊరికి దగ్గరలోనే ఒక ట్యాంకు పని ఆమెకు ఇచ్చారు.

మా కంపెనీలో ఒక వాడుక ఉండేది. సైట్ ఎవరి బాధ్యతో మోటారు గది తాళం వాళ్ల దగ్గరే ఉండాలి. మోటారు, పైపులు, సిమెంటు అన్నీ ఆ గదిలోనే కదా. తాళం చేతికి ఇచ్చారంటే సైట్ ఇచ్చినట్టు, తాళం అడిగారంటే సైట్ పోయినట్టు. నాగవేణి ఆ తాళం చెవిని ఎర్రదారానికి కట్టి మెడలో వేసుకునేది.

ఒకరోజు ముదలాళి నన్ను పిలిచి తన కంప్యూటర్ చూపించారు. నాగవేణి సైట్ పేజీ ఎర్రగా ఉంది. మొదలైన తేదీని బట్టి ఈపాటికి ఎంత పని కావాలో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టుకుంటుంది. అంత కాకపోతే పేజీ ఎర్రబడుతుంది, అయితే ఆకుపచ్చగా ఉంటుంది.

"చూడమ్మా, మొదలుపెట్టి ఎన్ని నెలలైంది, ట్యాంకు ఇంకా కాళ్ల దగ్గరే ఉండాది. ఆ పాప వల్ల కాదేమో. ఆయుధ పూజ నాడు కొత్త సైట్లు పంచేటప్పుడు ఆమెను ఆఫీసులో కూర్చోపెట్టేస్తాము. తాళం ఇంకొకరికి ఇప్పించు."

ఆయన చెడ్డ మనిషి కాదు. ఎరుపు చూశారు, నమ్మారు. తెర మీద కనబడేది నమ్మమని ఏళ్ల తరబడి నేర్పింది మేమే. అయినా నాకు ఒప్పుదల కాలేదు. "ఒకసారి పోయి చూసి వస్తాను సార్" అని అడిగి, మర్నాడు బొమ్మిడి బస్సెక్కాను.

సైట్‌కు పోయి చూస్తే ట్యాంకు కాళ్లు నిటారుగా లేచి ఉన్నాయి. పైన కడ్డీ కట్టే పని జోరుగా నడుస్తోంది. నా అనుభవంలో అది ఆలస్యమైన పని కాదు, ముందు పరిగెత్తే పని. నాగవేణి గొడుగు వేసుకుని సిమెంటు బస్తాల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, మెడలో దారం పట్టుకుంది.

"తాళం తీసుకోవడానికే వచ్చినారాక్కా?"

"కాదు పాపా. ముందు చెప్పు, పని ఎప్పుడు మొదలుపెట్టినావు?"

"ఆని నెలలో అక్కా. ఆడి వస్తే పూజ వేయకూడదు కదా, ముందే వేసేసినాము."

"పూజ కాదు, పని."

"పూజ వేసినాక ఒక గంప మట్టి ఎత్తినాము కదా. మొదలైనట్లే. ఆడి నెలంతా ఎవరూ రాలే. ఆవణిలో జేసీబీ వచ్చింది."

నాకు విషయం తెలిసిపోయింది. ఆని, ఆడి, ఆవణి వరుసగా వచ్చే తమిళ నెలలు. ఆడి మాకు ఆషాఢం లాంటిది, శుభమైన పని ఏదీ మొదలుపెట్టరు. అందుకని ఆ నెల రాకముందే భూమిపూజ చేసి, ఒక గంప మట్టి తీసి, ఎవరి ఇళ్లకు వాళ్లు పోతారు. నెల గడిచాక అసలు పని. కానీ ఎప్పుడు మొదలైందని అడిగితే మా జిల్లాలో మేస్త్రీ నుంచి ముదలాళి దాకా అందరూ పూజ తేదీయే చెబుతారు. పూజ అయ్యాక కూడా పని మొదలు కాలేదని ఎవరంటారు? అశుభం కదా. బెంగళూరు సాఫ్ట్‌వేర్‌కు ఆడి నెల సంగతి తెలియదు. ఊరికే కూర్చున్న నెలను కూడా అది నాగవేణి ఖాతాలో వేసింది.

ఈ తంటా మాకు ముందు కూడా వచ్చింది. అప్పుడు నేను ఏం చేశాను? ఇంకో గడి పెట్టాను! 'జేసీబీ వచ్చిన తేదీ' అని. అది నింపితే లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.

"ఆ గడి ఏంటికి నింపలేదు?"

"అది అడుగున ఉండాదక్కా. రండి, చూపిస్తా."

స్టేషన్ దగ్గర బ్రౌజింగ్ సెంటర్‌కు తీసుకుపోయింది. మా పేజీ తెరిచింది. పై గడులు వచ్చాయి, 2 కొట్టింది, గ్రామం నింపింది, ఊరు నింపింది, చోటు నింపింది. పేజీ సగం దిగి ఆగిపోయింది. ఎదురుచూశాం. నెట్ పోయింది. మళ్లీ మొదటి నుంచి వచ్చి మళ్లీ అక్కడే ఆగింది. సెంటర్ ఆయన మా వెనక వచ్చి నిలబడి, "మేడం, మీ పేజీ తెరిచినారంటే మిగతా వాళ్లందరిదీ నిలిచిపోతుంది" అన్నాడు, పాపం, మర్యాదగానే.

"అందుకే పై సగం నింపి, పైన ఉండే సేవ్ బటన్ నొక్కేసి పోతా ఉండాను" అంది నాగవేణి. "ఆ తేదీ ఆఫీసుకు ఫోన్ చేసి కూడా చెప్పినాను. ఇళంగో సార్ సెక్షన్‌లో, పేజీలో నింపమ్మా, నోటిమాట చెల్లదు అన్నారు."

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గర నిలబడి చెప్పింది: "నాకేం పరవాలేదక్కా, ఆఫీసులోనైనా నెలకు అదే సంబళం. మా నైనా ఊరంతా చెప్పుకున్నాడు, మా పాప మెడలో గవర్నమెంటు తాళం ఉండాదని. గవర్నమెంటుది కాదు నైనా అంటే వినడు." నవ్వుతూనే చెప్పింది.

ముదలాళి పెట్టిన పరీక్ష

ఆ తేదీ నేనే నింపేస్తే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ముదలాళితో జరిగింది చెప్పి, నింపేయనా అని అడిగాను.

"నువ్వు చెప్పేది సరే. కానీ ఇప్పుడు నువ్వు నింపుతావు, వచ్చే సైట్‌కు ఎవరు నింపేది? తన పేజీ తాను నింపుకోలేని మనిషికి తాళం ఎట్లా ఇచ్చేది? ఆయుధ పూజ రోజు నేను ఇక్కడ కూర్చుని చూస్తా ఉంటాను. ఆ పాపను బొమ్మిడి నుంచే నింపి చూపించమను."

ఆ సెంటర్ నుంచి ఆ పేజీ నింపడం దేవుడి వల్ల కూడా కాదు సార్, పేజీని చిన్నది చేయాలి అన్నాను.

"చెయ్యి. ఎవరు వద్దన్నారు? కానీ ఎవరి కట్టం వాళ్లను అడిగి తీయి. పెద్దోళ్ల మనసు నొప్పించొద్దు."

బాస్‌ల గురించి నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. తప్పుగా నమ్మే బాస్ ప్రమాదం కాదు. నమ్మింది తప్పని చెబితే వినేవాడైతే చాలు. వినని తెలివైనవాడి కింద కంటే వినే మొండివాడి కింద పనిచేయడం సుఖం.

వక్కాకు పళ్లెం

మా ఇళ్లలో పెద్దవాళ్లను ఏదైనా అడగడానికి పోతే పళ్లెంలో వక్కాకు పెట్టుకుని పోతాం. తమలపాకు, వక్క, వీలైతే ఒక పండు. ఎదుటివాళ్లు అది పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. ఆఫీసులో మీటింగు పెట్టి అడిగితే ఒక్కరూ వదలరని నాకు తెలుసు. నలుగురిలో మర్యాద ఎవరు వదులుకుంటారు? అందుకని ఇంటి నుంచి స్టీలు పళ్లెం తెచ్చి, వక్కాకు పెట్టుకుని, ఒక్కొక్కరి బల్ల దగ్గరికి విడివిడిగా పోయాను. ఆఫీసంతా నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

'ఈ గడి అవసరమా' అని ఎవరినీ అడగలేదు. అలా అడిగితే అవసరమే అంటారు, మీరైనా నేనైనా. 'ఈ గడి చూసి నిరుడు మీరు ఏం చేశారు' అని అడిగాను. స్టోర్స్ ఆయన చాలాసేపు ఆలోచించి, "ఏమీ చేసినట్లు లేదే" అని ఆయనే ఆశ్చర్యపోయి, వక్కాకు నోట్లో వేసుకున్నాడు. ఆయన గడులు దాదాపు అన్నీ ఆ పూటే పోయాయి. మూడు ఊరు గడులను ఒకటి చేశాను, పేర్లు జాబితాలోంచి ఎంచుకునేలా.

ఇళంగో సార్ మాత్రం పళ్లెం వైపు కూడా చూడలేదు. "అదెల్లాం ముడియాదు" అన్నారు, అవన్నీ కుదరవని. ఇవాళ గడి వదిలితే రేపు కుర్చీ అడుగుతారని కూడా అన్నారు.

"తీయను సార్. దాచిపెడతాను. ఆయుధ పూజ దాకా కనబడవు, అంతే. ఈ లోపల ఏ గడి కావాలన్నా ఫోన్ చేయండి, క్షణంలో తెచ్చి పెడతాను. అలా ఒక్కసారి అడిగిన గడి ఇక ఎప్పటికీ మీదే, నేను ముట్టను."

ఆయనకు పందెం అంటే ఇష్టం. వక్కాకు తీసుకున్నారు, కానీ నమలకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు. అంటే సగం మాట ఇచ్చినట్టు. ఆ తర్వాత ఒకే ఒక్కసారి ఫోన్ చేశారు. ఏ గడి అడుగుతారో అని కుర్చీ అంచున కూర్చుని ఎత్తాను. పాస్‌వర్డ్ మరిచిపోయారట.

ఇక వినాయకుడు. ముదలాళి దగ్గరికే పోయాను.

"అందరూ నింపేది ఒకటే కదా సార్. ఎవరు నింపినా ఒకే జవాబు వచ్చేదానికి గడి ఏంటికి?"

"దేవుణ్ణి తీసేస్తావా?" కళ్లు పెద్దవి చేశారు.

"పైకి ఎక్కిస్తాను సార్. పేజీ నెత్తిన కంపెనీ పేరుకు పైన నేనే ఒక్కసారి గీసి పెట్టేస్తాను. ఇంక ఎవరూ మరిచిపోయేదే లేదు."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "పైకి అంటే సరే" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత పెన్ను పట్టి నేను గీసిన బొమ్మ ఆ పిళ్లయార్ సుళే. స్కాన్ చేసి పేజీ తలకట్టున అతికించాను. ఇంకెవరూ 2 కొట్టే పని లేకపోయింది.

పూజ తేదీని మాత్రం తీయలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. 'మొదలైన తేదీ' అన్న మాటే తీసేసి, అడుగున ఉన్న జేసీబీ గడిని పైకి తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి పెట్టాను: 'పూజ వేసిన రోజు', 'మట్టి తీసే పని మొదలైన రోజు'. లెక్క రెండోదాని నుంచి. జనం చెప్పాలనుకునేదానికి ముందు చోటివ్వండి, ఆ పక్కనే మీకు కావలసింది అడగండి. రెండూ నిజమే చెబుతారు. ఒకే గడిలో రెండు నిజాలు కుక్కితే ఏదో ఒకటి అబద్ధమై బయటికి వస్తుంది.

నేను దాచకూడని గడి

గడులు దాచే ఊపులో నేను ఒక పొరపాటు కూడా చేశాను. 'తాళం ఎవరి దగ్గర' అని ఒక గడి ఉండేది. ఎవరు పెట్టించారో గుర్తులేదు. ఇది కూడా ఒక గడేనా, బాధ్యత ఎవరిదో పైనే ఉంది కదా అనుకుని దాచేశాను.

మర్నాడే ఫోన్. మా మోటారు మెకానిక్ మాదప్ప, పిక్కిలి నుంచి. ఆయనకు పేజీలు, గడులు తెలియవు. బయల్దేరే ముందు ఆఫీసుకు ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి పేజీ చూసి తాళం ఎవరి దగ్గరుందో చెప్పేది. ఆ రోజు గడి కనబడక ఆ అమ్మాయి బాధ్యత ఉన్నతని పేరు చెప్పింది. అతను పెళ్లికి పోతూ తాళం పంచాయతీ వాచ్‌మన్‌కు ఇచ్చి పోయాడు.

"ఏమమ్మా, స్పానర్ల సంచి మోసుకుని రెండు బస్సులు మారి వచ్చినాను. గదికి తాళం. మీ కంప్యూటర్ నన్ను చూసి నవ్వుతా ఉండాదా?" అని మొదలుపెట్టి, ఆపకుండా తిట్టాడు. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయలేను గానీ, అన్నింటికీ నేను అర్హురాలినే. ఫోన్ పెట్టేలోపలే గడి తెచ్చి, ఈసారి పేజీలో పైకి ఎక్కించాను.

చూడడానికి గొప్పగా ఉన్న గడులను దాచితే నెల రోజులైనా ఒక్కరూ అడగలేదు. పిచ్చి గడి అనుకున్నదాన్ని దాచితే ఒక రోజు కూడా గడవలేదు. అందుకే ఏ గడినీ చెరిపేయకండి. ముందు దాచండి. తిట్లు వస్తే తిరిగి పెట్టండి, రాకపోతే నిశ్చింతగా తీసేయండి. ఈ పనిలో తిట్లను మించిన కొలబద్ద నాకు దొరకలేదు.

ఆయుధ పూజ

ఆ రోజు ఆఫీసులో కంప్యూటర్లన్నీ తుడిచి, వరుసగా చందనం, కుంకుమ బొట్లు పెట్టడం మొదలుపెట్టారు. పొరి అనే మరమరాలు, శనగలు, బెల్లం, అరటిపళ్లు, గుమ్మడికాయ సిద్ధం. ముదలాళి తన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పరీక్ష ఆ రోజే కాబట్టి ఆ తేదీ అప్పటిదాకా నింపలేదు, నాగవేణి పేజీ తెర మీద ఎర్రగానే ఉంది. ఇళంగో సార్ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు.

అప్పుడు పూజారి కుంకుమ గిన్నెతో వచ్చి, "బొట్టు పెట్టేయనా?" అని అడిగాడు. బొట్టు పెట్టి పూజలో ఉంచిన పనిముట్టును విజయదశమి పొద్దున దాకా ఎవరూ ముట్టుకోరు. ఈ మాట మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు! పుట్టిన దగ్గరనుంచీ చేస్తున్న పండగ, పనిముట్టు ముట్టకూడని రోజునే పరీక్షకు ముహూర్తం పెట్టుకున్నాం. ముదలాళి ఉలిక్కిపడి, "ఉండు స్వామీ, దీన్ని వదిలి మిగతావాటికి పెట్టు" అన్నారు.

వెంటనే నా సెల్‌ఫోన్ మోగింది. నాగవేణి.

"అక్కా, సెంటర్ ఆయన కంప్యూటర్లకు బొట్టు పెడతా వస్తా ఉండాడు. పెట్టినాక ముట్టనివ్వడంట. నేను చివరి కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను."

"పేజీ తెరుచుకుందా?"

"తెరుచుకుంది అక్కా! మొత్తం వచ్చేసింది. అడుగు దాకా కనబడతా ఉండాది!"

"అయితే మాట్లాడొద్దు, నింపు."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. అటు గంట మోగుతోంది, ఎవరో హారతి పాట పాడుతున్నారు, మధ్యలో నాగవేణి, "అన్నా, ఒక్క నిమిషం అన్నా, కండిప్పుగా, నిజంగా ఒక్క నిమిషమే" అని బతిమాలుతోంది. ఇటు ముదలాళి పేజీని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తున్నారు. ఎరుపు. మళ్లీ ఎరుపు. ఇళంగో సార్ ఎప్పుడు కట్టిన చేతులు విప్పారో, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని ముందుకు వంగి, "నొక్కండి సార్, ఇంకోసారి నొక్కండి" అంటున్నారు.

"బొట్టు పెట్టేసినాడక్కా" అంది నాగవేణి. "దానికి ముందే సేవ్ నొక్కినాను. వచ్చిందా?"

ముదలాళి ఇంకోసారి నొక్కారు. పేజీ ఆకుపచ్చగా తెరుచుకుంది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, వేలు తెర మీద కదుపుతూ పైకే చదివారు. పూజ వేసిన రోజు. మట్టి తీసే పని మొదలైన రోజు. ఎంత పని అయింది. ఆ తర్వాతి గడి దగ్గర వేలు ఆగింది.

"తాళం ఎవరి దగ్గర," అని చదివి, "నాగవేణి" అన్నారు.

పూజారి మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముదలాళి అతని చేతిలోంచి కుంకుమ గిన్నె తానే తీసుకుని, వేలు అద్ది, తెర మీద ఆ పేరు పక్కనే బొట్టు పెట్టారు.